రాజమండ్రి నుంచి పుదుచ్చేరికి ఎంత దూరం, ఎంత సేపు?



ఈ రోజు మీతో ఒక లెక్క గురించి మాట్లాడదామనుకుంటున్నాను. భయపడకండి, పరీక్ష పెట్టను. బడిపంతుల్ని కనుక లెక్క లేకుండా మాట్లాడటం నాకు చేతకాదు, అంతే. అయితే ఇది మామూలు లెక్క కాదు. తరగతిలో నేనే చెప్పి, పిల్లలందరి చేతా సరైన జవాబు రాయించి, చివరికి నేనే తప్పిన లెక్క.

మాది యానాం. బళ్ళారిలోనో, హోసూరులోనో, జయపురంలోనో, నాందేడ్‌లోనో ఉండి ఈ ప్రసంగం వింటున్న తెలుగువారికి మా ఊరి సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. గౌతమీ గోదావరి సముద్రంలో కలవబోయే చోట, చుట్టూ ఆంధ్రప్రదేశ్ భూభాగం, మధ్యలో మేము. మొత్తం కలిపి 30 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం 55 వేల పైచిలుకు మనుషులం. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడి. తరువాత పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో ఒక భాగం. కాకినాడ మాకు 30 కిలోమీటర్లే, కానీ అది వేరే రాష్ట్రం. మా రాజధాని పుదుచ్చేరి. రోడ్డున వెళితే 870 కిలోమీటర్లు. హైకోర్టు చెన్నైలో. పిల్లల పైచదువు సీటు, ఉద్యోగం పరీక్ష, పెద్ద కార్యాలయంలో ఏదైనా కాగితం, ఇలా దేనికైనా మా దారి అటే. అందుకే మాకు దూరమంటే భూగోళం పుస్తకంలోని పాఠం కాదు. సెలవు పెట్టాలి, అప్పు చేయాలి, ఇంట్లో ముసలివాళ్ళను పొరుగువారికి అప్పగించాలి.

మా తరగతిలో తొమ్మిదో తరగతి పిల్లలకు అక్షాంశాలు, రేఖాంశాలు చెప్పేటప్పుడు నేనొక అలవాటు చేసుకున్నాను. లండను నుంచి టోక్యో ఎంత దూరమని అడిగితే పిల్లలు ఆవలిస్తారు. రాజమండ్రి నుంచి పుదుచ్చేరి ఎంత దూరమని అడిగితే నిటారుగా కూర్చుంటారు. రెండు చోట్లా చిన్న విమానాశ్రయాలున్నాయి. మాకు దగ్గరగా ఉన్నది రాజమండ్రి పక్కన మధురపూడిలో ఉంది. రెండో ప్రపంచయుద్ధకాలం నాటిది. అవతలి కొస పుదుచ్చేరి లాస్‌పేటలో ఉంది. ఈ రెంటి మధ్య ఆకాశమార్గాన దూరమెంతో, అందుకు ఎంత సేపు పడుతుందో కట్టమనేవాణ్ణి.

మీరూ కట్టవచ్చు. పెన్సిలూ కాగితమూ దగ్గరుంటే తీసుకోండి.

మధురపూడి విమానాశ్రయం ఉత్తర అక్షాంశం 17.11 డిగ్రీలు, తూర్పు రేఖాంశం 81.82 డిగ్రీలు. పుదుచ్చేరి విమానాశ్రయం ఉత్తర అక్షాంశం 11.97, తూర్పు రేఖాంశం 79.81. అంటే ఉత్తర దక్షిణాలుగా తేడా 5.14 డిగ్రీలు, తూర్పు పడమరలుగా 2.01 డిగ్రీలు. ఇప్పుడు డిగ్రీకి ఎన్ని కిలోమీటర్లు?

ఇక్కడ మా యానాం పిల్లలకు ఒక చిన్న గర్వకారణం ఉంది, అది చెప్పకుండా ముందుకు పోలేను. మీటరు అనే కొలత ఫ్రెంచివారిది. 1790లలో వారి శాస్త్రజ్ఞులు డన్‌కర్క్ నుంచి బార్సిలోనా దాకా నేలను కొలిచి, ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ వరకు ఉన్న దూరాన్ని కోటి భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మీటరు అన్నారు. అంటే ధ్రువం నుంచి భూమధ్యరేఖకు కోటి మీటర్లు, పదివేల కిలోమీటర్లు. ఆ దూరం 90 డిగ్రీలు. పదివేలను తొంభైతో భాగించండి. 111 వస్తుంది. అక్షాంశం ఒక డిగ్రీ మారితే 111 కిలోమీటర్లు. ఈ అంకె బట్టీ పట్టనక్కరలేదు, మీటరు పుట్టుకలోనే ఉంది.

రేఖాంశాలకు మాత్రం ఈ లెక్క అలాగే కుదరదు. అవి భూమధ్యరేఖ దగ్గర ఎడంగా ఉండి, ధ్రువం వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి. ఒలిచిన బత్తాయి తొనలు చూడండి, నడుమ వెడల్పు, కొసల్లో సన్నం. మన రెండు ఊళ్ళకూ మధ్యన, అంటే పద్నాలుగున్నర డిగ్రీల దగ్గర, రేఖాంశం ఒక డిగ్రీకి సుమారు 108 కిలోమీటర్లు.

అప్పుడు ఉత్తర దక్షిణాలుగా 570, తూర్పు పడమరలుగా 217. ఈ రెండూ లంబకోణ త్రిభుజానికి రెండు భుజాలు. మూడోది, కర్ణం, మనకు కావలసిన దూరం. పైథాగరస్‌ను పిలవండి. 570 వర్గం, 217 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 610. భూమి గుండ్రంగా ఉంది కదా, చదునైన త్రిభుజం ఎలా పనికొస్తుందని తెలివైన పిల్లవాడు ఎప్పుడూ ఒకడు అడుగుతాడు. ఢిల్లీ నుంచి న్యూయార్కు అయితే పనికిరాదు. అక్కడ గోళం మీది లెక్క వేయాలి. ఆరువందల కిలోమీటర్లకు తేడా లెక్కలోకి రానంత చిన్నది.

కాబట్టి 610 కిలోమీటర్లు. రోడ్డు 870 అయితే ఆకాశం 610 ఎందుకైంది? అట్లాసు తీసి స్కేలు పెట్టి గీయండి. గీత మధురపూడి నుంచి బయలుదేరి, డెల్టా పొలాల మీదుగా దిగి, బందరు తీరం దగ్గర సముద్రంలోకి పోతుంది. మళ్ళీ చెన్నై దగ్గర గాని ఒడ్డుకు రాదు. మన తీరం విల్లులా లోపలికి వంగి ఉంది. రోడ్డూ రైలూ ఆ విల్లు వెంబడి విజయవాడ, ఒంగోలు, నెల్లూరు మీదుగా పోతాయి. విమానం గీత ఆ వింటికి నారి లాంటిది.

ఇక వేళ. ఇంత చిన్న విమానాశ్రయాల మధ్య తిరిగేది ఎక్కువగా ఏటీఆర్ 72 అనే రెక్కల ముందు పంకాలున్న విమానం. డెబ్బై ఎనభై మంది పడతారు. దాని వేగం గంటకు 500 కిలోమీటర్లు అనుకుందాం. 610ని 500తో భాగిస్తే గంటా పదమూడు నిమిషాలు. గంటంపావు. పిల్లలు రాశారు. నేను ఎర్రసిరాతో టిక్కు పెట్టాను.

ఆ టిక్కు ఖరీదు ఎంతో నాకు 2025లో తెలిసింది.

ఆ తరగతిలో బాగా లెక్కలు చేసే ఒక అమ్మాయి ఉండేది. తండ్రి పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. ఆ అమ్మాయి ప్లస్ టూ అయి, పుదుచ్చేరిలో ఒక కళాశాలలో సీటు వచ్చింది. ఫలానా రోజు సాయంత్రం అయిదు గంటలలోపు అసలు సర్టిఫికెట్లతో హాజరు కావాలన్న కబురు వీళ్ళకు ముందురోజు రాత్రి చేరింది. అప్పటికి రాత్రి బండి వెళ్ళిపోయింది. పదిగంటలకు ఆ అమ్మాయి నాకు ఫోను చేసింది.

"మాస్టారూ, రాజమండ్రి నుంచి విమానంలో వెళితే గంటంపావేనని మీరే చెప్పారు కదండీ. పొద్దున్నే బయలుదేరితే అందుకుంటామాండీ?"

నేను చదువుకున్నవాణ్ణి. బీఎడ్ చేసినవాణ్ణి. అదీ పుదుచ్చేరిలోనే. ఆలోచించకుండా అన్నాను కదా, "ఎందుకందరమ్మా, మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటారు" అని.

చేబదులు తెచ్చుకుని టిక్కెట్లు కొన్నారు. ముందురోజు రాత్రి కొన్న టిక్కెట్టు ధర ఎలా ఉంటుందో కొన్నవారికి తెలుసు. తెల్లవారకుండానే యానాంలో కారెక్కారు. ఆ మధ్యాహ్నం నేను తరగతిలో పాఠం చెబుతుంటే వాళ్ళు హైదరాబాదు విమానాశ్రయంలో కుర్చీల మీద కూర్చుని ఉన్నారు. పుదుచ్చేరిలో దిగేసరికి అయిదు కావడానికి పది నిమిషాలు. కళాశాల ఊరికి అవతల. వీళ్ళు చేరేసరికి గుమాస్తా బీరువాకు తాళం వేసేశాడు. సీటు వరుసలో తరువాతి వారికి పోయింది.

తిరిగొచ్చాక తండ్రి నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "మీరు చెప్పింది తప్పు కాదండి మాస్టారూ. విమానం గాల్లో ఉన్నది కాసేపేనండి. మిగతాదే మాకెవరూ చెప్పలేదండి" అన్నాడు.

ఆ మిగతాది ఏమిటన్నదే ఈ రోజు నా ప్రసంగం.

మొదటి సంగతి. నేను గీసిన గీత మీద విమానం లేదు. రాజమండ్రి నుంచి పుదుచ్చేరికి నేరుగా ఎవరూ నడపటం లేదు. కాగితం మీద రెండు చుక్కలుంటే గీత గీయవచ్చు. ఆకాశంలో గీత ఉండాలంటే రోజూ డెబ్బై మంది ఎక్కాలి. మా యానాం నుంచి రోజూ అంతమంది పుదుచ్చేరికి విమానం ఎక్కరు కదా. అందుకని చిన్న ఊళ్ళ విమానాలన్నీ ఒక పెద్ద ఊరికి పోయి, అక్కడి నుంచి మరో చిన్న ఊరికి వస్తాయి. బండిచక్రం ఆకులు చూడండి. ఒక ఆకు కొస నుంచి పక్క ఆకు కొసకు పోవాలంటే కుండలోకి వెళ్ళి మళ్ళీ బయటికి రావాలి. మన కుండ హైదరాబాదు.

అదే లెక్క ఇందాకటి పద్ధతిలోనే కట్టండి. మధురపూడి నుంచి శంషాబాదుకు ఆకాశమార్గాన సుమారు 360 కిలోమీటర్లు. శంషాబాదు నుంచి పుదుచ్చేరికి సుమారు 600. కలిపితే 960. రోడ్డు కంటే ఎక్కువైంది! పైగా మొదటి 360 కిలోమీటర్లు మనం పోయింది పడమరకు. పుదుచ్చేరి ఉన్నది దక్షిణాన. ఇంతసేపు ఎగిరాక గమ్యం మొదట ఎంత దూరంలో ఉందో ఇంకా అంత దూరంలోనే ఉందన్నమాట.

ఇంకో విచిత్రం చెబుతాను. యానాం నుంచే పుదుచ్చేరికి తిన్నగా గీత గీస్తే సుమారు 590 కిలోమీటర్లు. మధురపూడి నుంచి 610. యానాం నుంచి మధురపూడికి రోడ్డున 75, 80 కిలోమీటర్లు పోతాం, రెండు గంటలు కూర్చుంటాం. ఆ రెండు గంటలకూ పుదుచ్చేరి ఇరవై కిలోమీటర్లు వెనక్కి జరుగుతుంది. ఇవన్నీ తరగతిలో మేం ఒక్కసారి కూడా కట్టలేదు. ప్రశ్నలోనే "రాజమండ్రి నుంచి" అని ఉంది మరి. రాజమండ్రి దాకా ఎవరు తెచ్చి దింపారని ఏ పిల్లవాడూ అడగలేదు. నేనూ అడగలేదు.

రెండో సంగతి వేగం. విమానం వేగం గంటకు 500 అన్నాం. అది పైకి వెళ్ళి నిలదొక్కుకున్నాక. అంతకు ముందు నెమ్మదిగా ఎక్కాలి, ఆఖరున నెమ్మదిగా దిగాలి. నేల మీద నిలిపిన చోటు నుంచి రన్‌వే దాకా దొర్లాలి. ముందు ఇంకో విమానం ఉంటే ఆగాలి. దిగే ముందు రన్‌వేకు ఎదురుగా రావాలంటే చుట్టు తిరగాలి. ఇవన్నీ దూరం ఎంతైనా తప్పని ఖర్చులు. టైం టేబులులో బయలుదేరే వేళ అని రాసేది విమానం నేల విడిచే వేళ కాదు, నిలిపిన చోటు నుంచి కదిలే వేళ. చేరే వేళ అంటే చక్రాలు నేల తాకడం కాదు, మళ్ళీ నిలిపిన చోట ఆగడం. అందుకే హైదరాబాదు నుంచి పుదుచ్చేరికి 600 కిలోమీటర్లు ఏటీఆర్ విమానం గాల్లో గంటా పన్నెండు నిమిషాల్లో పోగలదని లెక్క చెబుతున్నా, 2024 డిసెంబరులో ఆ సర్వీసు మొదలైనప్పుడు టైం టేబులులో గంటా నలభై అయిదు నిమిషాలు వేశారు. మోసం కాదు. నిజాయితీ.

ఈ అరగంట అన్ని దూరాలకూ ఇంచుమించు ఒకటే కనుక, చిన్న ప్రయాణానికి ఎక్కువ బరువవుతుంది. జయపురం శ్రోతలు గమనించండి. మీ ఊరి నుంచి విశాఖపట్నానికి ఆకాశమార్గాన 147 కిలోమీటర్లు. తొమ్మిదిమంది పట్టే చిన్న విమానం గంటకు 300 పోతుందనుకున్నా అరగంట. దానికి ఎక్కడం దిగడం దొర్లడం మరికొంత. అయినా మీకు అది గిట్టుబాటు. ఎందుకంటే మీ రోడ్డు కొండల్లో మెలికలు తిరుగుతూ 200 కిలోమీటర్లు దాటుతుంది. దూరం చిన్నదైనా దారి కష్టమైతే విమానం గెలుస్తుంది. దారి చదునుగా ఉండి, రాత్రిపూట నిద్రపోతూ చేరుకోగలిగితే రైలు గెలుస్తుంది.

గాలి సంగతి కూడా ఒక మాట. విమానం వేగం గాలితో పోల్చి చెప్పేది. ఎదురుగాలి గంటకు 50 కిలోమీటర్లుంటే నేల మీద మనం పోయేది 450 మాత్రమే. అప్పుడు 610 కిలోమీటర్లకు 81 నిమిషాలు. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తే 67. పోనురాను మొత్తం 148. గాలే లేకపోతే 146. అంటే పోయేటప్పుడు పోగొట్టుకున్నదాన్ని గాలి వచ్చేటప్పుడు పూర్తిగా తిరిగివ్వదు. ఎందుకో ఇంట్లో పిల్లల్ని అడగండి. లెక్కల మాస్టారికి ఇంతకంటే మంచి ప్రశ్న దొరకదు. విమానాలు నడిపేవారు మాత్రం కిలోమీటర్లలో మాట్లాడరు. వారిది నాటికల్ మైలు. డిగ్రీలో అరవయ్యో వంతు, 1.852 కిలోమీటర్లు. మన 610 వారికి 329. గంటకు ఒక నాటికల్ మైలు వేగాన్ని నాట్ అంటారు. పడవవాళ్ళ భాష ఆకాశానికి ఎక్కింది. మా యానాం రేవు పెద్దలకు ఈ మాట చెబితే ముచ్చటపడ్డారు.

పెద్ద జెట్ విమానం వేస్తే త్వరగా పోదా అని అడగవచ్చు. పుదుచ్చేరి రన్‌వే పొడవు 1,500 మీటర్లే. పెద్ద జెట్లకు అది చాలదు. ఏటీఆర్‌కు చాలు. మధురపూడి రన్‌వేను ఈమధ్య మూడువేల మీటర్లు దాటించారు కనుక అక్కడ పెద్దవి దిగుతాయి. కాని తాడు ఒక కొస గట్టిగా ఉంటే చాలదు కదా. ఒకవేళ జెట్టే ఉన్నా, ఈ దూరానికి మిగిలేది ఇరవై పాతిక నిమిషాలు. ఆ అమ్మాయి హైదరాబాదులో కుర్చీలో కూర్చున్నది నాలుగు గంటలు.

ఆ కూర్చోవడమే అసలు ప్రయాణం. విడివిడిగా చూడండి. యానాంలో ఉదయం ఆరుకు బయలుదేరారు. రెండు గంటలు రోడ్డు. విమానానికి గంట ముందే కౌంటరు మూసేస్తారు కనుక గంటన్నర ముందుండాలి. అక్కడి నుంచి హైదరాబాదు దాదాపు గంటంపావు. అప్పటికి పదకొండు కావస్తుంది. పుదుచ్చేరి విమానం మూడు దాటాక. దిగేసరికి అయిదుకు పది నిమిషాలు. ఊళ్ళోకి వెళ్ళేసరికి అయిదున్నర. మొత్తం పదకొండున్నర గంటలు. ఇందులో విమానాలు కదులుతున్నది మూడు గంటలు. రోడ్డు మీద రెండున్నర. మిగిలిన ఆరు గంటలూ నిరీక్షణ. రోజుకు ఒకే విమానం ఉన్న దారిలో మొదటి విమానం ఎంత త్వరగా చేరినా లాభం లేదు. రెండోది దాని వేళకే లేస్తుంది.

చెన్నైకి విమానం ఉన్న రోజైతే ఇంకో దారి ఉంది. మధురపూడి నుంచి చెన్నైకి ఆకాశమార్గాన 490 కిలోమీటర్లు. అక్కడి నుంచి సముద్రపు ఒడ్డు రోడ్డున పుదుచ్చేరికి 150 కిలోమీటర్లు, మూడు మూడున్నర గంటల బస్సు. రెండు విమానాల కంటే ఒక విమానమూ ఒక బస్సూ ముందు చేరుస్తాయి. బస్సు ఒకటి తప్పితే ఇంకొకటి ఉంటుంది, అదీ దాని గొప్ప. ఇక మా తాతల నాటి దారి రాత్రి రైలు. కాకినాడ నుంచి చెన్నై వైపు పోయే సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కని యానాం కుటుంబం ఉండదు. గంటలు లెక్కపెడితే విమానం కంటే ఎక్కువే. కాని అందులో ఎనిమిది గంటలు నిద్ర. తెల్లవారేసరికి మనం చెన్నై దాపుల్లో ఉంటాం, పగలంతా చేతిలో ఉంటుంది. ఆ అమ్మాయి ఒక్కరోజు ముందు కబురందుకుని రైలెక్కి ఉంటే మధ్యాహ్నానికే కళాశాలలో ఉండేది. నా మీది తప్పును రైలు మీద తోయడానికి చెప్పటం లేదు. కబురు ఆలస్యంగా పంపినవారికీ ఇందులో వాటా ఉంది. 870 కిలోమీటర్ల అవతల ఉన్న పిల్లకూ, వీధి చివర ఉన్న పిల్లకూ ఒకే గడువు పెట్టడం సమానంగా చూడటం అవుతుందా అని నాకు సందేహం.

టైం టేబులు ఈ వారం ఉన్నట్టే వచ్చే నెలా ఉంటుందనుకోకండి. పుదుచ్చేరి కథ చూడండి. 2013 జనవరిలో కొత్త భవనం కట్టి బెంగళూరు విమానం మొదలుపెట్టారు. ఏడాది తిరిగాక ఆగింది. 2017 ఆగస్టులో ఉడాన్ పథకం కింద హైదరాబాదుకు మొదలైంది. 2024లో అదీ ఆగింది. కొన్ని నెలలు ఆకాశం ఖాళీ. 2024 డిసెంబరు 20న మళ్ళీ బెంగళూరుకూ హైదరాబాదుకూ ఏటీఆర్ వచ్చింది. ఉడాన్ అంటే చిన్న ఊళ్ళను కలపడానికి ప్రభుత్వం పెట్టిన పథకం. 2017 ఏప్రిల్ 27న ఆ పథకం కింద మొదట లేచిన విమానాల్లో కడప నుంచి హైదరాబాదుకు ఒకటి, నాందేడ్ నుంచి హైదరాబాదుకు ఒకటి ఉన్నాయి. అందులో ప్రభుత్వం సగం సీట్లకు ధర కట్టడి చేసినప్పుడు ఏమన్నదో గుర్తుందా? గంట ప్రయాణానికి 2,500 రూపాయలు. కిలోమీటరుకు ఇంతని కాదు, గంటకు ఇంతని జనానికి చెప్పారు. మనిషి మనసులో దూరం గంటల్లోనే ఉంటుంది మరి.

మన పెద్దలకు ఇది కొత్త కాదు. తెలుగులో ఆమడ అన్నాం, ఎనిమిది మైళ్ళకు అటూ ఇటూ. తమిళంలో కాదం అన్నారు. కాని తమిళంలో ఇంకో కొలత ఉండేది, నాళిగై వళి. నాళిగై అంటే మన గడియ, ఇరవైనాలుగు నిమిషాలు. వళి అంటే దారి. ఒక గడియలో మనిషి నడిచే దారి అన్నమాట. సుమారు మైలున్నర. ఆ మాట నేను బీఎడ్ చదివేటప్పుడు పుదుచ్చేరిలో మా ఇంటి యజమానురాలి నోట విన్నాను. అప్పుడు నవ్వాను. దూరాన్ని కాలంతో కొలవడమేమిటి, శాస్త్రీయం కాదు అనుకున్నాను. నడిచేవాడికి తెలిసిన సంగతి లెక్క కట్టేవాడికి తెలియలేదు.

ఇప్పుడు మా తరగతిలో ప్రశ్న మార్చాను. "రాజమండ్రి నుంచి పుదుచ్చేరికి" అని ఇవ్వటం లేదు. "మీ ఇంటి గుమ్మం నుంచి పుదుచ్చేరిలో ఫలానా కార్యాలయం గుమ్మానికి, సాయంత్రం అయిదులోపు చేరాలి. ఎప్పుడు బయలుదేరాలి?" అని ఇస్తున్నాను. అక్షాంశాలూ రేఖాంశాలూ, పైథాగరసూ అన్నీ అందులోనే ఉన్నాయి. వాటితోపాటు టైం టేబులు, ఆటో, కౌంటరు మూసే వేళ, విమానం లేని వారం కూడా ఉన్నాయి. మొదటిసారి ఇచ్చినప్పుడు ఒక్కొక్కరికీ ఒక్కో జవాబు వచ్చింది. దరియాలతిప్ప పిల్లవాడు ఊళ్ళోవాడి కంటే అరగంట ముందు లేచాడు. ఎర్రసిరా కలం పట్టుకుని అన్నిటికీ టిక్కు పెట్టాల్సి వచ్చింది. వెనక బెంచీ అబ్బాయి ఒకడు మాత్రం "ముందురోజే బయలుదేరాలండి" అని ఒక్క ముక్క రాసి కాగితం ఇచ్చేశాడు. పూర్తి మార్కులు ఇచ్చాను. మిగతావాళ్ళు గొడవ చేశారు, లెక్క చూపించలేదని.

ఆ అమ్మాయికి రెండో విడతలో వేరే కళాశాలలో సీటు వచ్చింది. తను కోరుకున్న కోర్సు కాదు గాని, చదువుకుంటోంది. దసరా సెలవులకు వచ్చినప్పుడు ఇంటికి వచ్చి పలకరించింది. ఎలా వచ్చావమ్మా అని అడిగాను.

"రాత్రి బండికేనండి మాస్టారూ. పై బెర్తు దొరికిందండి. నెల్లూరు దాటింది కూడా తెలియలేదండి."